ఫాంటు లేని పెళ్ళికొడుకు

సంబంధం మాట ఎత్తితే చాలు, పాపమ్మకి దాని వెనక మూడు తరాలు లేచి నిలబడతాయి. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, ఇటు కొల్లేటి లంకల దాకా, ఏ చర్చిలో ఏ కుటుంబం ఏ వరసలో కూర్చుంటుందో, ఆ ఇంటి పెద్దకోడలు ఎవరి మేనకోడలో, ఆ మేనకోడలి పెళ్ళి విందులో కోడికూర ఎందుకు చాలకపోయిందో, అన్నీ ఆమెకి కళ్ళకు కట్టినట్టు గుర్తు. చదివింది మూడో తరగతి. ఆ మూడు తరగతుల్లో పక్కన కూర్చున్న పిల్లల పేర్లు కూడా అడిగితే వరసగా చెబుతుంది. అడగకపోయినా చెబుతుంది.

అంత మాటకారి మనిషికి తల్లులు తమ ఇంటి గుట్లు ఎలా చెప్పుకునేవారా అని కొత్తవాళ్ళకి అనుమానం రావచ్చు. అక్కడే ఉంది పాపమ్మ కట్టుబాటు. ఆమె లెక్కలో ప్రతి సంబంధానికీ ఒక పైమాట, ఒక లోమాట ఉంటాయి. పైమాట అంటే ఎత్తు, చదువు, ఉద్యోగం, ఏ సంఘం, ఎంతమంది తోబుట్టువులు. అది పదిమందిలో చెప్పుకునేది. లోమాట అంటే పిల్ల తల్లి వంటింట్లో పీట వేసి, గొంతు తగ్గించి చెప్పేది. చిన్నప్పుడు వచ్చిన మూర్ఛ, చెడిపోయిన పాత సంబంధం, తండ్రి తాగుడు, ఇలాంటివి. అవి ఎవరివో వాళ్ళే, ఎవరికి చెప్పాలో వాళ్ళకే, తమ నోటితో చెప్పుకోవాలి. పాపమ్మ పని ఆ రోజు వచ్చేదాకా వాళ్ళని ధైర్యంగా నిలబెట్టడం.

"నా పైమాట ఊరంతా వింటది. నా లోమాట నా దిండుకి కూడా తెలీదు," అనేది పాపమ్మ. ఆ మాట నిజం కాబట్టే ఆమె కుదిర్చిన సంబంధాలు నిలబడ్డాయి.

ఇంతలో ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. చిన్నకోడలు జ్యోత్స్న కంప్యూటర్ డిప్లొమా చదివిన పిల్ల. "ఇవాళారేపు బయోడేటా అంటే ఈమెయిల్లో పంపాలండీ అత్తయ్యా, చేతిసంచీలో పెట్టుకు తిరిగే రోజులు పోయాయి," అని ముందుగదిలో టేబులు వేయించింది, బయట బోర్డు కట్టించింది, టెలిఫోను తీగకి ఇంటర్నెట్టు తగిలించింది. పాపమ్మకి సరదా పుట్టింది. తను చెబుతుంటే కోడలు టకటకా కొడుతుంది, తెలుగు అక్షరాలు తెల్లటి తెరమీద కోడిపిల్లల్లా బారుకట్టి నడుస్తాయి. చూడముచ్చటగానే ఉండేది.

పైమాటలన్నీ ఎక్కాక జ్యోత్స్న మెల్లిగా లోమాటల దగ్గరికి వచ్చింది.

"మీకు జొరమొచ్చి పడుకున్నప్పుడు వాళ్ళొచ్చి అడిగితే నాకేం తెలుసండీ? తెలియకే నోరు జారతాను. తెలిస్తే జాగ్రత్తగా ఉంటాను కదా."

కోడలు చెప్పిందాంట్లో న్యాయం ఉంది. "దానికి తాళం ఉంటదా?" అని అడిగింది పాపమ్మ.

"పాస్‌వర్డు ఉంటదండీ."

"ఏంటది?"

"అది ఎవరికీ చెప్పకూడదండీ అత్తయ్యా."

ఆ జవాబు పాపమ్మకి తెగ నచ్చేసింది. తన కోడలు అనిపించుకుంది అనుకుంది. ఆ రోజు నుంచి ఒక్కొక్క బయోడేటా కింద, అదే ఫైల్లో, లోమాట కూడా ఎక్కించారు. బయటికి పంపేటప్పుడు కింద ముక్క తీసేసి పంపేది జ్యోత్స్న.

అది రెండువేల ఏడు, వానాకాలం. ఒక బుధవారం పొద్దున జ్యోత్స్న ఇంటర్నెట్టు పెట్టగానే ఒక మెయిలు వచ్చింది. ఇంగ్లీషులో, నా ప్రొఫైలు చూడగలరు అని ఒక్క ముక్క, కింద ఒక ఫైలు. పంపినవాడి పేరు రాబర్ట్‌సన్.

ఆ పేరుతో మెయిలు ఇంకెవరికి వెళ్ళినా, ఎవడో ఉద్యోగం కోసం పంపాడనో, ఎవడో తెల్లవాడు పొరపాటున పంపాడనో అనుకునేవాళ్ళు. పాపమ్మ చెవిన పడేసరికి పెళ్ళికొడుకైపోయాడు.

"రాబర్ట్‌సనా! మనవాళ్ళే. మిషనరీ దొరల కాలంలో దొరగారి పేరే బిడ్డకి పెట్టుకున్నవాళ్ళు గుంటూరు వైపు బోలెడుమంది. రాబర్ట్‌సన్ మేష్టారని ఒకాయన మా పెద్దన్నయ్యకి లెక్కలు చెప్పేవారు, మనిషి బంగారం, కూతుర్ని మంగళగిరిలో ఇచ్చారు. ఆయన మనవడయ్యుంటాడు. తెరువు, తెరువు."

జ్యోత్స్న తెరిచింది. తెర ఒక్కసారి మెరిసింది. తెరిచిన ఫైలు తనంతట తనే మూసుకుపోయి, మళ్ళీ తెరుచుకుంది. లోపల చూస్తే అక్షరాలు కావు, డబ్బాలు, ప్రశ్నార్థకాలు, వంకర గీతలు.

"ఫాంటు లేదండీ అత్తయ్యా."

"ప్యాంటు లేదా! పెళ్ళికొడుక్కా!"

"ప్యాంటు కాదండీ బాబూ, ఫాంటు. అక్షరాల అచ్చు. వాళ్ళు కొట్టిన అచ్చు మన సిస్టంలో లేకపోతే ఇలాగే పిచ్చిగా కనపడద్ది."

ఇందులో జ్యోత్స్నని అనడానికి లేదు. ఆ రోజుల్లో తెలుగు టైపు అంటే అంతే. ఒక్కో షాపువాడు ఒక్కో ఫాంటు వాడేవాడు. పెళ్ళికార్డు ఏలూరులో కొట్టించి గూడెంలో తెరిస్తే చీమలబారు కనపడేది. తెలుగులో పని చేసేవాళ్ళందరికీ పిచ్చి గీతలు కనపడగానే ఒకటే అలవాటు, ఫైలు పట్టుకుని ఆ ఫాంటు ఉన్న సిస్టం ఎక్కడుందా అని వెతకడం. జ్యోత్స్న కూడా పెన్‌డ్రైవులో వేసుకుని పక్కవీధి డి.టి.పి. సెంటరుకి వెళ్ళింది. అక్కడ ఉన్న ప్రతి సిస్టంలోనూ తెరిచి చూశారు. అన్నిట్లోనూ మెరుపు, అన్నిట్లోనూ పిచ్చి గీతలు. అక్కడినుంచి చర్చి ఆఫీసుకి వెళ్ళింది. అక్కడా అంతే.

"పాపం కుర్రాడు, ఇల్లిల్లూ తిరుగుతున్నాడు, ఎవరూ బట్ట కట్టట్లేదు," అని పాపమ్మ నవ్వింది. సాయంత్రం జ్యోత్స్న వేరే పనిలో పడింది. ఈమధ్యే సంబంధం కుదిరిన శాలిని ఫైలు తెరిచి, ప్రధానం, అంటే నిశ్చితార్థం, తారీకు ఎక్కించి మూసింది.

గురువారం పొద్దున టీ తాగుతుంటే ఫోను మోగింది. విశాఖపట్నం నుంచి చంద్రకళ అని, కొడుక్కి సంబంధం చూడమన్న తల్లి.

"ఏవండీ పాపమ్మగారూ, శాలినికి కుదిరిపోయిందన్నారు కదండీ? మరి మావాడికి ఆ పిల్ల బయోడేటా పంపారేంటండీ? తెరిస్తే అంతా పిచ్చి గీతలంట."

"మేం పంపలేదండీ," అంది పాపమ్మ.

"మీ మెయిల్నుంచేనండీ వచ్చింది."

జ్యోత్స్న పరిగెత్తి వెళ్ళి చూసింది. పంపిన మెయిళ్ళలో శాలిని ఫైలు ఉంది. నిన్న రాత్రి తను ఇంటర్నెట్టు పెట్టి ఉంచిన కాసేపట్లోనే, మెయిల్లో ఉన్న అడ్రసులన్నిటికీ వెళ్ళింది. ఆ అడ్రసుల్లో శాలినికి కాబోయే మామగారు నెహెమ్యా మేష్టారిది కూడా ఉంది. జ్యోత్స్న మొహం పాలిపోయింది.

"అత్తయ్యా, కింద లోమాట తీయలేదండీ. దాంతో సహా వెళ్ళిపోయింది."

పాపమ్మ చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

శాలిని పెదవేగి దగ్గర ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఆరేళ్ళప్పుడు జొరమొచ్చి ఎడమ చెవి పోయింది. కుడి చెవితో బాగా వింటుంది. ఎదటి మనిషి పెదవులు చూస్తూ మాట్లాడుతుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ఇదివరకు ఒక సంబంధం ఖాయమయ్యే దాకా వచ్చి, ఎవరో బంధువు మగపెళ్ళివారి చెవిలో వేస్తే, 'చెవిటిపిల్లని అంటగడుతున్నారు' అని నానా మాటలూ అని పోయారు. ఆ తర్వాతే శాలిని పాపమ్మతో అంది: "నేను చెబితే నాకు ఒక చెవి వినపడదు. ఇంకొకరు చెబితే నేను చెవిటిదాన్నండీ. ఈసారి నేనే చెప్పుకుంటాను. అప్పటిదాకా మీరు పెదవి విప్పకూడదు." పాపమ్మ మాటిచ్చింది. నెహెమ్యా మేష్టారి కొడుకు అజయ్‌తో సంబంధం కుదిరింది. పెంటపాడులో పోస్టాఫీసు ఉద్యోగం, నెమ్మదైన కుర్రాడు. వచ్చే శనివారం చర్చిలో ప్రధానం. ఈ ఆదివారం ఉంగరాలు కొనడానికి ఏలూరు వస్తాడు, అప్పుడు శాలిని చెబుతుంది. అంతవరకూ అన్నీ అనుకున్నట్టే నడిచాయి.

"కిరణ్ కుమార్ని పిలు," అంది పాపమ్మ గ్లాసు కింద పెట్టి.

కిరణ్ కుమార్ కొల్లేటి ఒడ్డు కుర్రాడు. తండ్రికి చేపల చెరువులు, ఇతనికి ఏలూరులో కంప్యూటర్లు బాగుచేసే షాపు. వస్తూనే ఎవరినీ పలకరించకుండా వెళ్ళి టెలిఫోను తీగ పీకేశాడు. తర్వాత అన్నాడు వందనాలండీ అని. కాసేపు కీబోర్డు మీద ఏవేవో నొక్కి, తల పంకించాడు.

"ఈ రాబర్ట్‌సన్ పెళ్ళికొడుకు కాదండీ అమ్మగారూ. వైరస్సండీ."

"కాగితం కదయ్యా! చదువుకోడానికి తెరిచిన కాగితం లేచి పనెలా చేస్తది? ఉత్తరం చించితే అందులోంచి దొంగ దూకుతాడా?"

"దూకాడండీ. ఎలాగంటే," కిరణ్ కుమార్ కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. "మా చెరువులు చూశారు కదండీ, పక్కపక్కనే ఉంటాయి, మధ్యన గట్టు. ఈ సాఫ్ట్‌వేరు కూడా ఫైలు తెరిచేటప్పుడు దాని మెమరీలో అలాగే మళ్ళు కట్టుకుంటదండీ. ఫాంటు పేరుకి ఇంత చోటు, బొమ్మకి ఇంత చోటు అని. ఆ పక్కనే ఇంకో మడిలో, తరవాత తను చెయ్యాల్సిన పనేంటో గుర్తు పెట్టుకుంటది. ఇప్పుడు వీడేం చేశాడంటే, పేరు కోసం కట్టిన చిన్న మడిలో పేరు కాకుండా బారెడు సరుకు పోశాడండీ. పోసేముందు ఇది పట్టుద్దా లేదా అని సాఫ్ట్‌వేరు కొలిచి చూడాలి. చూడలేదు. మడి నిండి, గట్టు పొర్లి, పక్క మడిలో పడింది. అక్కడున్న అసలు పనులు కొట్టుకుపోయి, వీడు రాసిన పనులొచ్చి కూర్చున్నాయి. సాఫ్ట్‌వేరుకేం తెలుసు? ఇవి నా పనులే కాబోలు అని చేసేసింది. ఆఖర్న మీరు తెరిచిన ఫైలు పట్టుకుని, అందులో తన విత్తనం కూడా పెట్టి, అందరికీ పంచింది."

పాపమ్మ కళ్ళు చిన్నవి చేసి వింది. "మా పెద్దాడబడుచు మామగారి చెరువు గట్టు తెగినప్పుడు కాలవలోంచి కొర్రమీనులు జొరబడి బొచ్చె చేపపిల్లల్ని మొత్తం మింగేశాయి. పైకి చూస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. పట్టుబడి రోజున వల లాగితే కొర్రమీనులే వచ్చాయి."

"సరిగ్గా అంతేనండీ."

"తప్పెవరిదంటావు? మీనుదా, గట్టుదా?"

"మీనుని వదిలినోడిది ఒక తప్పు. గట్టు కొలత చూడకుండా కట్టినోళ్ళది ఇంకో తప్పు. వాళ్ళు తెలుసుకుని తరవాత అతుకు పంపారండీ, ప్యాచ్ అంటారు. మనూళ్ళో ఎవరూ వేసుకోలేదు."

"డయలప్పులో అది దిగాలంటే ఒక పూట పడద్దండీ," అంది జ్యోత్స్న చిన్నగొంతుతో.

"మెరిసి మూసుకుపోయినప్పుడైనా ఆగాల్సిందక్కా. ఇంకా ఎక్కడైనా తెరిచారా?"

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఫాంటు కోసం..." అని డి.టి.పి. సెంటరు, చర్చి ఆఫీసు చెప్పింది జ్యోత్స్న. కిరణ్ కుమార్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"పంపిందాన్ని వెనక్కి లాగడానికి లేదా?" అడిగింది పాపమ్మ.

"లేదండీ. పోయిందంటే పోయినట్టే."

"పెదవి దాటితే పృథివి దాటుతుందంటే నోటి గురించే అనుకున్నాను ఇన్నాళ్ళూ," అంది పాపమ్మ, లేచి చీర సర్దుకుంటూ. "జ్యోత్స్నా, అందరికీ ఫోన్లు చెయ్యి. వైరస్సు వచ్చింది, తెరవకుండా తీసెయ్యమను. చంద్రకళగారికి మొట్టమొదట చెప్పు."

"నెహెమ్యా మేష్టారికి కూడా అదే చెప్పేద్దామండీ అత్తయ్యా! అబద్ధం కూడా కాదు కదా. వైరస్సే కదా. తీసేస్తారు, మాట బయటపడదు, శాలిని ఆదివారం చెప్పుకుంటది."

కోడలి ఆలోచన తప్పేమీ కాదు. వేరేవాళ్ళ దగ్గరైతే చెల్లుతుంది కూడా. కాని పాపమ్మ పెళ్ళివారిని ఎరుగుదును అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"సంబంధం లేనివాళ్ళు వద్దంటే చూడరమ్మా. సంబంధం కలుపుకోబోయేవాళ్ళు వద్దంటే చూడకుండా ఉండరు. కాబోయే కోడలి పేరు మీద కాగితమొచ్చింది, చూడొద్దు, పారెయ్యండి అని పెళ్ళిళ్ళ పాపమ్మ ఫోను చేసిందనుకో, ఆ ఇంట్లో ఇవాళ అన్నం కూడా వండుకోరు. అది తెరిచేదాకా నిద్రపోరు."

తనే ఫోను తీసి మేష్టారికి కలిపింది. చర్చి పువ్వుల గురించి, పాస్టరుగారి ప్రయాణం గురించి అడిగింది. మేష్టారు తనంతట తనే అందుకున్నారు.

"మీ మెయిలు అందిందండీ పాపమ్మగారూ. శాలిని పేరుంది గాని, లోపల చీమలబారు. ఫాంటు లేనట్టుంది. సాయంత్రం అజయ్ డ్యూటీ దిగాక గూడెం బస్టాండు పక్కన సెంటరుకి పట్టుకెళ్ళి చదివించుకొస్తానన్నాడు. అక్కడ అన్ని ఫాంట్లూ ఉంటాయంటండీ."

"అలాగేనండీ," అని పెట్టేసింది పాపమ్మ. తన జన్మలో ఇంత చిన్న జవాబు ఎవరికీ ఇచ్చి ఉండదు.

సాయంత్రం దాకా వ్యవధి ఉంది. ఆటో మాట్లాడుకుని పెదవేగి బయల్దేరింది. దారిపొడుగునా పామాయిల్ తోటలు, గెలలు ఎత్తుతున్న ట్రాక్టర్లు. రోజూ అయితే ఆటో అబ్బాయి ఇంటిపేరు నుంచి మొదలుపెట్టి వాడి పెళ్ళి దాకా తెచ్చేసేది. ఇవాళ నోరు విప్పలేదు.

బడిలో భోజనాల గంట కొట్టారు. శాలిని క్యారేజీ విప్పుతోంది. పాపమ్మ అలవాటుగా వెళ్ళి కుడిపక్కన కూర్చుంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. రాబర్ట్‌సన్ గురించి, గట్టు గురించి, ఏ చివర ఏ ముక్క వెళ్ళిపోయిందో దాని గురించి. శాలిని అన్నం కలపడం ఆపేసింది.

"మీ దిండుకి కూడా తెలీదన్నారు కదండీ. మరి కంప్యూటరుకెలా తెలిసింది?"

"నేనే చెప్పానమ్మా."

"నేను మీకొక్కరికే చెప్పాను."

"అవును. గట్టు తెగింది యంత్రంలోనే. నీ మాట తీసుకెళ్ళి ఆ చెరువులో పోసింది నేను. ఇవాళ్టినుంచి లోమాట ఒక్కటి కూడా దాంట్లో ఉండదు, కిరణ్ కుమార్ తుడిచేస్తున్నాడు. అది నా పని, నేను చూసుకుంటాను. నీ పని ఇంకా చెడలేదు. అతను చదవలేదు."

"సాయంత్రం చదువుతాడు కదా!"

"సాయంత్రానికి ఇంకా పొద్దుంది."

శాలిని కిటికీలోంచి తోటల వైపు చూస్తూ కూర్చుంది. కోపం మొహంలో ఎర్రగా కనపడుతూనే ఉంది. "ఆదివారం కోసం మాటలన్నీ వరసగా పేర్చుకున్నానండీ. అద్దం ముందు చెప్పి చూసుకున్నాను."

"ఆ మాటలు గురువారం పనికిరావా?"

నవ్వకూడదనుకున్నా శాలినికి నవ్వొచ్చింది. వచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. క్యారేజీ మూత ఠపీమని పెట్టేసి లేచింది. "పదండి. కాని ఒక్క షరతు. అక్కడ మీరు మాట్లాడకూడదు."

"నేనా!"

"మీరే. ఒక్క మాట కూడా. మీరు నోరు విప్పితే అది మీరు చెప్పినట్టవుద్ది. నేను వెనక్కి వచ్చేస్తాను."

"సరేనమ్మా," అంది పాపమ్మ. అన్నాక తెలిసింది ఆ మాట ఎంత బరువో.

హెడ్‌మిస్ట్రెస్‌ని సెలవు అడిగి ఇద్దరూ ఏలూరు వచ్చి, గూడెం వైపు పాసింజరు ఎక్కారు. దెందులూరు, భీమడోలు దాటాయి. రెండుపక్కలా వరిచేలు పచ్చగా నీళ్ళలో నిలబడ్డాయి. శాలిని పెదవులు కదులుతున్నాయి, లోపల్లోపల చెప్పుకుంటోంది. పాపమ్మకి ఒక్కో స్టేషను దగ్గరా ఒక్కో పెళ్ళి గుర్తొస్తోంది, ధైర్యానికి పనికొచ్చే కథలు ఎన్నో ఉన్నాయి. అయినా ఈ పిల్లకి ఇవాళ ఎవరి కథా అక్కర్లేదని ఊరుకుంది.

గూడెం బస్టాండు పక్కన సెంటరు మేడమెట్ల కింద ఉంది. గాజు తలుపులోంచి అజయ్ వీపు కనపడింది. వీళ్ళకంటే ముందే వచ్చేశాడు. ఆపరేటరు ఒక సిస్టం ముందునుంచి లేచి ఇంకో సిస్టం దగ్గరికి వెళుతున్నాడు. "దీంట్లో కూడా మెరిసి మూసుకుపోయిందండీ. ఆ చివర్ది చూద్దాం, దాంట్లో పాత ఫాంట్లు కూడా ఉన్నాయి."

శాలిని తలుపు తోసింది.

"ఏవండీ."

అజయ్ తిరిగి చూసి కంగారుగా లేచాడు. "మీరా! ఇక్కడా? వందనాలండీ పాపమ్మగారూ. ఏమైనా..."

పాపమ్మ నోరు తెరిచి, మూసుకుని, తల ఊపింది.

"ఆ ఫైలు నా గురించి," అంది శాలిని. "మీరు చదివేలోపల నేనొకటి చెప్పాలి. బయటికి రండి."

బయట బస్టాండు హోరు. టీకొట్టు పక్కన నిలబడ్డారు. పాపమ్మ రెండడుగులు వెనక ఉండిపోయింది. శాలిని అద్దం ముందు పేర్చుకున్న మాటలు మొదలుపెట్టింది, మెల్లిగా, తల వంచుకుని. జొరం, ఆస్పత్రి, ఎడమ చెవి. సరిగ్గా అసలు మాట దగ్గరికి వచ్చేసరికి భీమవరం బస్సువాడు మలుపులో హారను నొక్కి వదల్లేదు.

అజయ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. "ఏంటండీ? వినపడలేదు."

మాట పాపమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. ముక్కలు రెండు, తను అందిస్తే అయిపోతుంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

శాలిని తలెత్తింది. ఒక్క క్షణం అతన్ని అలాగే చూసి, ఫక్కున నవ్వేసింది. అద్దం ముందు పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. గొంతెత్తి, క్లాసులో ఆఖరి బెంచీకి చెప్పినట్టు చెప్పింది.

"నాకు కూడా ఒక చెవి వినపడదండీ! ఎడమది! చిన్నప్పట్నుంచీ! ఆ ఫైల్లో ఉన్నదదే. ఆదివారం చెబుదామనుకున్నాను, ఇవాళ చెబుతున్నాను. మీకు ఇష్టమైతేనే ప్రధానం, లేకపోతే లేదు. ఆలోచించుకుని చెప్పండి, నేనేమీ అనుకోను."

హారను అప్పటికే ఆగిపోయింది. టీకొట్టు దగ్గర గ్లాసులు పట్టుకున్నవాళ్ళంతా ఇటు తిరిగి చూశారు. శాలిని ఎవరినీ పట్టించుకోలేదు.

అజయ్ నుదురు చిట్లించి కాసేపు ఏదో గుర్తు తెచ్చుకున్నాడు. పాపమ్మకి ఆ కాసేపట్లో ఒక చర్చి సర్వీసు మొత్తం అయిపోయినట్టుంది.

"అంటే పెళ్ళిచూపుల్లో నేను రెండుసార్లు అడిగిన మాట..." అన్నాడు చివరికి.

"ఎడమపక్కనించి అడిగారు."

"మీకు నేను నచ్చలేదేమో, అందుకే జవాబు చెప్పట్లేదనుకున్నానండీ. ఇంటికొచ్చి రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు."

"ఏమడిగారు?"

అజయ్ చుట్టూ ఉన్న టీ గ్లాసుల వైపు చూసి సిగ్గుపడ్డాడు. శాలిని వెనకగా తిరిగి ఆమె కుడివైపుకి వచ్చి, తల వంచి ఏదో అన్నాడు. శాలిని బుగ్గలు ఎర్రబడ్డాయి. మూడు తరాల మాటలు గుర్తున్న పాపమ్మకి ఆ ఒక్క మాట అందలేదు. చెవులు రిక్కించి కూడా చూసింది, లాభం లేకపోయింది.

ఇంతలో సెంటరు తలుపు తెరుచుకుని ఆపరేటరు తల బయటికి పెట్టాడు. మొహం వెలిగిపోతోంది.

"ఏవండీ! ఫాంటు దొరికిందండీ! ముత్యాల్లా వచ్చాయి అక్షరాలు! ప్రింటు తియ్యమంటారా?"

"అక్కర్లేదండీ," అన్నాడు అజయ్ అక్కడినుంచే. "ఆవిడే వచ్చి చెప్పేశారు."